పురిటి గదికి దూది కప్పు

1946వ సంవత్సరం, మే నెల. గురజాల నుంచి రెంటచింతల వైపు వెళ్ళే దారిలో, రైలు కట్టకు కాస్త ఎడంగా ఒక చిన్న పురిటి ఆసుపత్రి ఉండేది. ఆసుపత్రి అన్నానని పెద్దగా ఊహించుకోకండి. మంచాలు వేసిన పొడుగాటి గది ఒకటి, దాని వెనక మందుల గది, పెరట్లో వంటపాక. గోడలు నాపరాళ్ళతో దిట్టంగానే కట్టారు గానీ పైన ముడతల రేకులు వేసి ఊరుకున్నారు. యుద్ధం రోజుల్లో చేతికి దొరికింది అదేనట. పల్నాటి ఎండ ఎరిగినవాడు ఎవడూ మనుషులు పడుకునే చోట ఒట్టి రేకు వెయ్యడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు.

నా సంగతి చెప్పాలి. నా పేరు మస్తాను, మాది నరసరావుపేట. మేము దూదేకులవాళ్ళం. విల్లు పట్టి దూది ఏకడం, పరుపులూ దిండ్లూ కుట్టడం మా తాతల నాటి పని. యుద్ధం వచ్చాక ఒక కాంట్రాక్టరు, మిలిటరీ క్యాంపులో పరుపుల పని ఉందని నన్ను తీసుకుపోయాడు. అక్కడ సోల్జర్లు ఉండే రేకుల బ్యారక్‌లకు లోపలి వైపు తడికలు కట్టి, వాటి మీద గడ్డి, పీచు, పాత దూది పరిపించేవారు. అక్కడి ఓవర్సియరు ఆ పనిని ‘ఇన్సులేషన్’ అనేవాడు. వేడిని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోకుండా ఆపడమని దాని అర్థం. నాకు అర్థమైంది మరోలా. పరుపును మనిషి కింద వేస్తే పరుపు, ఇంటి నెత్తిన వేస్తే ఇన్సులేషను.

యుద్ధం అయ్యాక పేటకు తిరిగొచ్చి, రేకుల ఇళ్ళకు ఈ పని చేస్తానని చెప్పుకున్నాను. బజారంతా నవ్వారు. “మస్తాను ఇళ్ళకు పరుపులు కుడతాడంట, రేపు గొడ్లచావిడికి దుప్పటి కూడా కప్పుతాడు” అని ఒకటే ఎగతాళి. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నవ్వినవాళ్ళ మీద కోపంతోనే రెండు మూడు కొట్లకు సీలింగులు వేశాను. బాగానే కుదిరాయి. నవ్విన నాపచేనే పండుతుందని మా ఆవిడ హుసేన్‌బీ నన్ను ఓదార్చేది. ఓదారుస్తూనే తనూ నవ్వేది.

అటువంటి రోజుల్లో ఒక పొద్దున నేను కొట్లో దూది ఏకుతుంటే, తెల్లచీర కట్టుకున్న ఒకావిడ వచ్చి గుమ్మం ముందు నిలబడింది. రైలు దిగి తిన్నగా వచ్చినట్టుంది, చీర నిండా బొగ్గు నుసి.

“మస్తానన్నంటే నువ్వేనా?”

“నేనేనమ్మా. పరుపా, దిండా?”

“గది” అంది ఆవిడ. “మా గదికి పరుపు కావాలి.”

ఈవిడ కూడా ఎగతాళికి వచ్చిందనుకుని విల్లు కింద పెట్టేశాను. “నన్ను చూసి నవ్వటానికి ఇక్కడ చానామంది ఉన్నారు. దానికి రైలెక్కి రావాలా?” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. దూది మూట మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, సంగతంతా చెప్పింది. పేరు సుగుణమ్మ, ఆ పురిటి ఆసుపత్రిలో నర్సు. క్రైస్తవుల ఇంటి పిల్ల, పెళ్ళి చేసుకోలేదు, ఈ పనే చేసుకుని ఉండిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు వానాకాలం, చలికాలం కాన్పులకు ఆమె దగ్గరికి వస్తారు. ఎండలు ముదిరితే ఒక్కరూ రారు. వచ్చినవాళ్ళు ఉండలేరు.

“మా దగ్గరలోని ఊళ్ళో రత్తమ్మ అని ఒక పిల్ల ఉంది” అంది. “కటి ఎముక ఇరుకు. తొలికానుపు ఇంట్లో అయింది, బిడ్డ దక్కలేదు. రెండో కానుపుకి నా దగ్గరికి తీసుకొచ్చారు. పోయినేడు ఇదే నెల. నొప్పులు మొదలైనయ్. మిట్టమధ్యాహ్నం ఆ రేకుల కింద పిల్ల ఉడికిపోయి సొమ్మసిల్లింది. వాళ్ళత్త చూసి, ఇక్కడుంచితే చచ్చిపోద్దని బండెక్కించి ఇంటికి తీసుకుపోయింది. ఆపబోతే నా చెయ్యి విదిలించుకుంది. ఇంటికాడ ఆ బిడ్డా దక్కలా.”

నేను ఆవిడకు ఇంకో గ్లాసు నీళ్ళు పోసి ఇచ్చాను.

“ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నయ్. ముందుగా కబురంపితే పేట డాక్టరమ్మ రైలుకు వస్తానంది. ఆవిడ చేతికి ఆ పిల్ల అందితే బిడ్డ బతుకుద్ది. కానీ ఆ గదిలో నిలవాలి గదా! నాకు ఇంకేం అక్కర్లేదన్నా. ఈసారి ఎండ మూలంగా ఆ పిల్ల నా చేతిలోంచి జారిపోకూడదు.”

నేను మరునాడే రైలెక్కాను.

పని ఒప్పుకునే ముందు ఇంటిని దాని చెడ్డ ఘడియలో చూడాలి. అది క్యాంపులో నేర్చుకున్న మాట. కాబట్టి మధ్యాహ్నం తిన్నాక, ఎండ చెలరేగే వేళ ఆ గదిలోకి వెళ్ళి మంచాల మధ్య నిలబడ్డాను. రేకులు టపటపమని చిట్లుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి. నెత్తి మీద ఎవరో కుంపటి పట్టుకుని నిలబడ్డట్టుంది. మంచం ఇనప కోడు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. గోడకూ రేకుకూ నడుమ చుట్టూతా చెయ్యి పట్టేంత సందు వదిలేశారు, అందులోంచి వడగాలి లోపలికి కొడుతోంది. గదిలో ఒక్క మనిషి లేదు. పిల్లల ఉయ్యాల ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని చూశాక నాకు బేరం ఆడాలనిపించలేదు.

పద్ధతి ఇదీ. గోడల ఎత్తున గది మొత్తానికీ వెదురు తడిక అడ్డంగా కట్టాలి. దాని మీద గోనెపట్టా, పట్టా మీద జానెడు మందాన దూది. దూదికీ రేకుకూ నడుమ ఖాళీ వదలాలి. దాన్ని ‘ఎయిర్ గ్యాప్’ అంటారు. రేకు కింద కాగిన గాలి ఆ ఖాళీలోనే తిరిగి, గోడ పైసందుల్లోంచి బయటికి పోతుంది గానీ గదిలోకి దిగదు. తడికకు అడుగు వైపు మట్టీ పేడా కలిపి మెత్తాలి, ఆ మట్టి మీద సున్నం కొట్టాలి. మట్టి లేకపోతే దూదికి నిప్పు భయం, పురుగు భయం.

వినడానికి తేలికే. సరుకు పోగు చెయ్యడంలో తల ప్రాణం తోకకొచ్చింది. వెదుళ్ళు మాచర్ల అవతలి అడవి నుంచి వచ్చాయి. సున్నం పిడుగురాళ్ళ బట్టీల నుంచి తెచ్చాను. దూది ఖర్చు తగ్గించాలని సగం గడ్డి కలుపుదామనుకున్నాను. మే నెలలో పల్నాడులో గడ్డి అడిగితే ఎవరిస్తారు? ఒక రైతు నన్ను ఎగాదిగా చూసి, “ఎడ్ల నోటికాడి గడ్డి తీసి ఇంటికి మేపుతావా?” అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పు లేదు. దాంతో గడ్డి మాట వదిలేసి, పేటలో జిన్నింగు మిల్లులు తిరిగి, నేల ఊడ్చి పారేసే దూది చెత్త మూటలు కట్టించుకుని రైల్లో వేసుకొచ్చాను.

ఆ చెత్తలో ఆకు తుంపులు, పిక్కలు, ఇసుక. పైగా తొక్కుడు పడి రాయిలా బిగుసుకుపోయింది. అట్లాగే పరిస్తే బరువే తప్ప ఫలితం ఉండదు. వేడిని ఆపేది దూది కాదు, దూదిలో చిక్కుకుని కదలకుండా ఉండే గాలి. దూది ఎంత పొంగితే అంత గాలి. అందుకని ఆసుపత్రి పెరట్లో పందిరి వేసుకుని, మూటలన్నీ మళ్ళీ మొదటి నుంచీ ఏకాను. హుసేన్‌బీ పేట నుంచి వచ్చి పిక్కలు ఏరేది, గోనెలు కుట్టేది. దుమ్ముకు ఇద్దరి కనుబొమలూ తెల్లబడ్డాయి.

“ఏందయ్యా, మనుషులు పడుకునే పరుపులకి గూడా ఇంత శుభ్రంగా ఏకలా నువ్వు!” అంది ఒకనాడు.

“దీని కింద పడుకునేది పురిటి పిల్ల. నోరు మూసుకుని పిక్కలేరవే” అన్నాను. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. నాకంటే ముందే లేచి పనికి కూర్చునేది.

పని నడిమికి వచ్చేసరికి ఒక దెబ్బ తగిలింది. తొందర కొద్దీ మట్టి పల్చగా కలిపి ఒక్కసారే మందంగా మెత్తాను. తడి బరువుకు తడిక ముక్క ఒకటి తాళ్ళు తెంచుకుని, దూదీ మట్టీ సహా వచ్చి నా నెత్తిన పడింది. కింద కూలబడి, మట్టిలోంచి తల బయటికి పెట్టేసరికి ఎదురుగా సుగుణమ్మ. నా దెబ్బల సంగతి అడిగి, అయోడిన్ రాసి, చివరికి, “నెల నిండుతోందన్నా” అని ఒక్క మాట అంది. రోట్లో తలపెట్టి రోకటి పోటుకు వెరవడం ఎందుకని మర్నాడు తాళ్ళకు బదులు ఇనప తీగ కట్టి, మట్టిని పల్చటి పూతలుగా, ఒకటి ఆరాక ఒకటి వేసుకుంటూ పోయాను. గోడ అంచుల్లో తడికకూ రాయికీ నడుమ సన్నటి చీలిక కూడా వదలకుండా దూది కూరాను. వేలితో తడిమి తడిమి చూశాను. ఆ గదిలోకి పైనుంచి పొగ కూడా దిగకూడదని నా పంతం.

పని అయిన రోజు మధ్యాహ్నం సుగుణమ్మ గదిలోకి వచ్చి నిలబడింది. గోడకు తగిలించిన థర్మామీటరు చూసింది, కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. మంచం కోడు పట్టుకుంది. తర్వాత అక్కడే మంచం మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. నాకు సిగ్గేసి, ఏదో పని ఉన్నట్టు బయటికి వచ్చేశాను. బయట ఒక్కణ్ణే నవ్వుకున్నాను. పేట బజారంతా అక్కడుంటే బాగుండుననిపించింది.

ఆ సాయంత్రం నుంచే సుగుణమ్మ ఊరూరా తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. మా గది చల్లబడింది, నడివేసవిలో కూడా చల్లగా ఉంటుంది, కాన్పులకు రండి అని. ఆ సంబరంలో నేనూ గొంతు కలిపాను. రైలు దిగినవాళ్ళకు, బండ్లు తోలుకుపోయేవాళ్ళకు, అందరికీ చల్లని గది గురించి చెప్పాను.

ఎవ్వరూ రాలేదు. వేడికి భయపడేవాళ్ళైనా అడపాదడపా వచ్చి మందు పుచ్చుకుపోయేవారు, ఇప్పుడు వాళ్ళూ తగ్గారు. రత్తమ్మ ఇంటికి కబురంపితే, “మా కోడల్ని అక్కడికి పంపను” అని తిరుగు కబురు వచ్చింది. మా ఇద్దరికీ తల తిరిగిపోయింది. ఇక లాభం లేదని, ఒకనాడు తెల్లారగానే మేమిద్దరం ఆ ఊరు నడిచివెళ్ళాం.

రత్తమ్మ అత్త పేరు వెంకాయమ్మ. మనిషి ఎండిన చెరుకు గెడలా ఉంటుంది, మాట మాత్రం కొరడా. పొయ్యి ముందు కూర్చుని ఉంది. గుమ్మం పక్కన రత్తమ్మ, నిండు కడుపుతో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చిన్నపిల్ల, ఇరవై దాటి ఉండవు.

“ఏంది నర్సమ్మా, మళ్ళీ వచ్చావ్?” అంది వెంకాయమ్మ.

“పెద్దమ్మా, పోయినసారి వేడని తీసుకుపోయావు. ఇప్పుడు వేడి లేదు. చల్లగా ఉంది. ఇంకా ఎందుకు పంపవు?”

“అందుకే పంపను!” అని ముసలావిడ గయ్యిమంది. “పురిటి ఒళ్ళు పచ్చి ఒళ్ళు. బాలింతకి చలవ తగిలితే వాతం కమ్ముద్ది, సన్నిపాతం వచ్చిద్ది. తలుపులు మూసి, చెవుల్లో దూది పెట్టి, మంచం కింద కుంపటి పెట్టి కాసుకుంటాం మేం. నువ్వేందో గదిని మజ్జిగ కుండ చేశానని చాటింపేస్తన్నావు. ఇద్దరు మనవల్ని మట్టిలో పెట్టా. కోడల్ని గూడా పెట్టమంటావా?”

అప్పుడు తెలిసింది మేము చేసిన ఘనకార్యం. ఈ దేశంలో బాలింత దగ్గర చల్లదనం పేరెత్తకూడదు. సుగుణమ్మ ఎన్ని కాన్పులు చేసిందో, నేను ఎన్ని బాలింతల ఇళ్ళల్లో పరుపులు కుట్టానో! ఆ సంగతి ఇద్దరికీ తెలిసిందే. అయినా ఎండ మీద గెలిచామన్న సంబరంలో ఇద్దరం ఊరూరా చలవ అమ్ముకున్నాం.

“అత్తా” అంది గుమ్మం దగ్గరి నుంచి రత్తమ్మ. గొంతు చిన్నదే గానీ వణకలేదు. “ఇంట్లో రెండుసార్లూ చూశాం గదా. నేను పోతా.”

“నువ్వుండు” అని కసిరి, వెంకాయమ్మ మా వైపు వీపు పెట్టేసింది. పొయ్యిలో బూడిద గుట్టను పుల్లతో పక్కకు తీసింది. లోపల రాత్రి కప్పిపెట్టిన పిడక నిప్పు ఎర్రగా ఉంది. వరిగె గడ్డి అంటించడానికి ఒక కణిక తీసుకుని, మిగతాదాని మీద మళ్ళీ బూడిద ఎగదోసింది. నేను చూస్తూ నిలబడ్డాను. చూస్తుండగా మెల్లగా ఒక ఆలోచన వచ్చింది. ముందుకు వెళ్ళి పొయ్యి పక్కన కూర్చున్నాను.

“రాత్రి నిప్పు ఇంకా బతికే ఉందే పెద్దమ్మా?”

“నివురు కప్పితే ఉండక ఏడకి పోద్ది?”

నేను ఆ బూడిద గుట్ట మీద అరచెయ్యి ఆనించాను. “పైన చల్లగానే ఉంది.”

“లోన కాలుద్ది సాయిబూ, చెయ్యి దూర్చబాక!”

“అంటే లోపలి సెగ లోపలే ఉంది, నా చెయ్యి కాలటం లేదు. నివురు చల్లనిదా, వేడిదా?”

ఆవిడ చేతిలో పుల్లతో బూడిద మీద గీతలు గీస్తూ ఉండిపోయింది. నేను ఇంకో మాట అనబోతే సుగుణమ్మ కళ్ళతోనే ఆపింది. కాసేపటికి వెంకాయమ్మ తల ఎత్తింది.

“నీ దూది గూడా ఇట్టాంటిదేనంటావా?”

“ఇట్టాంటిదే. ఎండని లోనకి రానీదు. లోపలి వెచ్చదనాన్ని బయటికి పోనీదు. చలవ చెయ్యటం నాకు చాతగాదు పెద్దమ్మా, దూదికీ చాతగాదు.”

“మరి నర్సమ్మ ఆ కూత కూసిందేంది?”

“పొరపాటు చెప్పా పెద్దమ్మా” అంది సుగుణమ్మ. “ఎండ రాదని చెప్పాల్సింది, చల్లగుంటదన్నా.”

“చదువుకున్నదానివి” అని గొణిగి వెంకాయమ్మ లేచింది. “పద, చూస్తా.”

చూడడమంటే నిజంగానే చూసింది. ఆ వయసులో చీర కచ్చ బిగించి నిచ్చెన ఎక్కి, గోడ పైసందులోంచి మోచేతి దాకా చెయ్యి దూదిలోకి దూర్చింది. గదంతా కలియదిరిగి గోడ అంచులన్నీ తడిమింది. ఎక్కడా చీలిక దొరకలేదు. దొరకనందుకు ఆవిడ సంతోషించిందో, మాట అనడానికి వీల్లేకపోయిందని బాధపడిందో చెప్పలేను. కిందికి దిగి షరతులు పెట్టింది. కాన్పు అయ్యేదాకా ముందు తలుపు, కిటికీలు మూసే ఉండాలి. లోపలికీ బయటికీ పోయేవాళ్ళు తలుపు వెంటనే వెయ్యాలి. గాలి చొరబడకూడదు.

“కుంపటి మాత్రం పెట్టొద్దు పెద్దమ్మా. పైన దూది ఉంది” అన్నాను నేను.

“ఇటుక కాచి గుడ్డ చుట్టి కాళ్ళ దగ్గర పెడతాను. వెనక మందుల గది తలుపు ఒక్కటి తీసి ఉంచుతాను, అటు గాలి తగలదు” అంది సుగుణమ్మ.

ముసలావిడ ఆలోచించి సరేనంది. ఆ మర్నాడే రత్తమ్మ బండిలో వచ్చింది. దిగుతూ నన్ను చూసి తలకు కొంగు సర్దుకుని, “అన్నా, నిలబడిద్దా నీ కప్పు?” అని అడిగింది. తడిక కూలిన సంగతి ఆ పిల్ల దాకా వెళ్ళినట్టుంది.

“నిలబడిద్దమ్మా. నేను నీ కానుపు అయ్యేదాకా ఇక్కడే ఉంటా” అన్నాను. హుసేన్‌బీని పేటకు పంపి నేను ఉండిపోయాను. రేకుల మీద సున్నం కొట్టే పని పెట్టుకున్నాను. తెల్లగా ఉంటే రేకు కొంత తక్కువ కాగుతుంది.

నొప్పులు మొదలైన రోజు ఎండ మామూలుగా లేదు. కాకులు కూడా అరవలేదు. రత్తమ్మ మొగుడు స్టేషనుకు బండి కట్టుకుపోయి పేట డాక్టరమ్మను తీసుకొచ్చాడు. ఆవిడ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. తలుపు వేశారు. కిటికీలు అంతకు ముందే వేశారు. వెంకాయమ్మను సుగుణమ్మ బయటే కూర్చోమంది. ఆవిడ గడపకు ఎదురుగా, గోడ నీడలో గొంతుక్కూర్చుంది. నేను సున్నపు బకెట్టు పక్కన పెట్టి కాస్త దూరంగా కూర్చున్నాను. ఆ ఎండకు రేకు మీద కాలు మోపే వీలు లేదు.

చాలాసేపు గడిచింది. లోపలి నుంచి ఏ అలికిడీ లేదు.

“పోయినేడు దీని మూలుగు రోడ్డు దాకా వినపడ్డది” అంది వెంకాయమ్మ, నాతోనో తనతోనో. “ఇయ్యాల ఏంది, ఒక్క కేక లేదు?”

“డాక్టరమ్మ ఉంది గదా పెద్దమ్మా” అన్నాను.

ఇంకా గడిచింది. తలుపు కొద్దిగా తెరుచుకుని, సుగుణమ్మకు సాయంగా ఉండే ఆయా బయటికి వచ్చింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం. మా ముఖాలు చూడకుండా వెనక్కి తిరిగి తలుపు గట్టిగా మూసి, గబగబా పెరటి వైపు వెళ్ళిపోయింది. గాలి చొరబడకుండా వెంటనే తలుపు వెయ్యమని షరతు పెట్టింది వెంకాయమ్మే. ఆ సంగతి ఆ క్షణాన ఆవిడకూ గుర్తు లేదు, నాకూ గుర్తు లేదు. మాకు కనపడింది గుడ్డ కప్పిన పళ్ళెం. ఆ మాట వినాల్సి వస్తుందేమోనని ఇద్దరమూ ఆయాను పిలిచి అడగలేదు.

వెంకాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడవలేదు. “మళ్ళీ అదే” అంది. “కాన్పు అయింది. ఏడుపు లేదు. రెండుసార్లూ ఇట్టాగే. కాన్పయితది, ఏడుపుండదు.”

నిజం చెప్పాలంటే నేనూ నమ్మాను. ఇంత పంతం పట్టి, ఇంత దూది ఏకి, చివరికి ఈ పిల్లను మళ్ళీ ఇక్కడికే తెచ్చామా అనిపించి, తలుపు వైపు చూడలేక తల దించుకున్నాను.

వెంకాయమ్మ ఒక్క ఉదుటున లేచి రెండు చేతులతో తలుపు బాదడం మొదలుపెట్టింది. “తలుపు తియ్యండే! దాన్నన్నా ఉంచారా? నా కోడల్నన్నా ఉంచారా, చెప్పండే!”

తలుపు తెరుచుకుంది. తెరుచుకోవడంతోనే ఏడుపు వచ్చి మా మీద పడింది. అదేమి ఏడుపు! గొంతు చించుకుని, ఊపిరి తిప్పుకుని, మళ్ళీ అందుకుని ఏడుస్తోంది. గడపలో సుగుణమ్మ, మోచేతుల దాకా తడి, మొహాన కోపం.

“ఎందుకు పెద్దమ్మా అట్టా బాదుతావు? ఆడపిల్ల. తల్లికీ బాగుంది. ఆయా నెత్తురు గుడ్డలు తీసుకుపోయీ పోగానే పుట్టింది. బిడ్డ పుట్టిన కాడ్నుంచి గుక్క పట్టి ఏడుస్తంటే వినపడటంలా నీకు?”

“పుట్టిన కాడ్నుంచా?” అంది వెంకాయమ్మ.

ఆవిడ నా వైపు తిరిగింది. నేను పైకి చూశాను. ఒట్టి రేకు ఉన్నప్పుడు గోడ పైసందులోంచి ప్రతి మూలుగూ బయటికి వచ్చేది. ఆ సందు నుంచి గదిని పూర్తిగా వేరుచేసింది నేనే. వేడితో పాటు ఆ పసిదాని ఏడుపు కూడా జానెడు దూదిలో ఆగిపోయింది. పైగా తలుపులూ కిటికీలూ మూత. క్యాంపులో బ్యారక్‌లకు ఇది వేసినప్పుడు, పక్కవాళ్ళ గురక వినపడటం లేదని సోల్జర్లు మెచ్చుకున్నారు. అక్కడ అది మేలు. ఇక్కడ గడప అవతల ఒక ముసలిదానికి అది ప్రాణం తీసినంత పని చేసింది.

వెంకాయమ్మ లోపలికి పోయి, మనవరాలిని చూసి, కోడలి తల నిమిరి, కాళ్ళ దగ్గర ఇటుక వెచ్చగా ఉందో లేదో కూడా చూసుకుని బయటికి వచ్చింది. మొహం కడుక్కున్నట్టు కన్నీళ్ళతో తడిసిపోయి ఉంది. తలుపు పైన, తడిక గోడను తాకే చోటు వేలితో చూపించింది.

“సాయిబూ, ఈడ ఓ కంత పెట్టు.”

“అక్కడ తెరిస్తే వడగాలి లోపలికొస్తది పెద్దమ్మా. ఇన్నాళ్ళు కష్టపడి...”

“రానీ. ఆ కాస్త గాలికేం చావం. ఈడ కూర్చున్నదానికి లోపల ఏడుపు వినపడాల. నా లాగా ఇంకోటి ఈడ కూర్చుని చావకూడదు.”

గాలి పేరు చెబితే ఇంతెత్తున లేచిన మనిషి ఆవిడ. నేను ఏకిన దూదిలో ఒక్క చీలిక ఒప్పుకోనివాణ్ణి నేను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను నిచ్చెన తెచ్చుకుని, తలుపు పైన పిడికిలి పట్టేంత మేర మట్టి రాల్చి, తడిక కోసి, దూది తీసేశాను. తీసేసేటప్పటికి పిల్ల మళ్ళీ అందుకుంది. గడప అవతల మట్టిలో చతికిలబడి, మోకాళ్ళు కావిలించుకుని, వెంకాయమ్మ ఆ ఏడుపు ఆగిందాకా విన్నది.

ఆ ఏడు మిగిలిన వేసవిలో ఆ గదికి కాన్పులు వచ్చాయి. ‘నివురు కప్పిన గది’ అని ఊళ్ళల్లో పేరు పడింది, ఆ పేరు పెట్టింది వెంకాయమ్మే. తర్వాత నేను ఎన్నో కప్పులు వేశాను. ఆసుపత్రులకు, బడులకు, సినిమా హాళ్ళకు. ఎండను ఎట్లా ఆపాలో నాకు క్యాంపులో నేర్పారు. ఒకదాన్ని ఆపితే దానితో పాటు ఇంకేం ఆగిపోతుందో మాత్రం ఆ గడప దగ్గర నేర్చుకున్నాను. అందుకే ఏ ఇంటికి పనికి పోయినా, గదిలో ఉండేవాళ్ళతో మాట్లాడాక, బయట కూర్చునేవాళ్ళెవరో కూడా అడుగుతాను. వాళ్ళకు లోపలి నుంచి ఏం వినపడాలో అడిగి తెలుసుకున్నాకనే చేతిలోకి దూది తీసుకుంటాను.